డబ్బులిచ్చి తుంగ కొన్నదాన్ని నేను

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో తోటపని పేజీ చదివి ఊరుకుందామనే అనుకున్నాను, రెండు రోజులు ఊరుకున్నాను కూడా, కానీ మనసొప్పక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, కత్తిరించి వేసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

పెరట్లో బట్టలుతికే గచ్చు పక్కన నేల ఎప్పుడూ తడిగా ఉంటోందని, ఏ మొక్క పెట్టినా వేరు కుళ్లి చస్తోందని, తుంగ మాత్రం పిలవని పేరంటంలా వచ్చి మొలుస్తోందని, ఏం చేయమంటారని ఒకావిడ అడిగారు. దానికి మీవాళ్లు తుంగ మొండి కలుపు, గడ్డిమందు కొట్టి, మట్టి ఆరాక సిమెంటు చేయించుకోండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. పైగా పక్కన వేసిన ఫొటోలో ఉన్నది తుంగ కానే కాదు, జమ్ము. గోధుమరంగు కండె కనపడుతూనే ఉంది కదండీ! కొల్లేటి ఒడ్డున పుట్టిన ఏ పిల్లాణ్ణడిగినా చెప్తాడు.

మాది సరిగ్గా ఆవిడలాంటి పెరడే. రాజమహేంద్రవరంలో పాత ఇల్లు, వంటింటి వెనక గచ్చు, గచ్చుకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల మట్టి. వాషింగ్ మెషిన్ నీళ్లు కొన్ని, గిన్నెలు తోమిన నీళ్లు కొన్ని, ఎండాకాలమంతా ఏసీ పైపు నుంచి బొట్టు బొట్టు. అక్కడ మల్లె పెడితే పండుబారిపోయింది, గులాబీ నెలకి కుళ్లిపోయింది, కరివేపాకు సంగతి చెప్పనే అక్కర్లేదు. కంద పెట్టమని మా ఆడపడుచు సలహా ఇస్తే అదీ పెట్టాను, గడ్డ మెత్తబడి పురుగు పట్టింది. మేస్త్రీని పిలిచి సిమెంటుకి లెక్క కూడా కట్టించాను. అప్పుడు ఒక డాక్టరు గారి దగ్గర వరసలో కూర్చున్నప్పుడు వాళ్ల వరండాలో ఏసీ నీళ్లు కారే చోట ఒక బకెట్లో, అడుగున చిల్లి కూడా లేదు, గొడుగులు విప్పినట్టు నిలబడిన మొక్కని చూశాను. నర్సరీల్లో దాన్ని అంబ్రెల్లా పామ్ అంటారు. పామూ కాదు పాడూ కాదు, అది తుంగే. కాండం రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూస్తే మూడు పలకలు తగులుతాయి, కోసి చూస్తే లోపల డొల్ల ఉండదు, బెండు నిండి ఉంటుంది. అదే వరికైతే కాండం గుండ్రంగా, కణుపుల మధ్య డొల్లగా ఉంటుంది. మన దగ్గర ఇళ్లలో పెంచే తుంగల్లో దాదాపు అన్నిటికీ ఈ పరీక్ష పనిచేస్తుంది.

కడియం వెళ్లి ఒక కుండీ కొని ఆటోలో పెట్టుకుని తెచ్చాను. మా వారు గుమ్మంలోనే ఆపేసి, "మా నాన్న వరి చేల్లో తుంగ పీకించడానికి కూలీలకి డబ్బులిచ్చేవాడు, నువ్వు డబ్బులిచ్చి తుంగ కొనుక్కొచ్చావా?" అన్నారు. ఆ మాట ఇప్పటికి పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఆయన తప్పు కూడా లేదు లెండి. మనకి తుంగ అంటే ఒకటే తుంగ తెలుసు, తుంగముస్త. అది నిజంగానే రైతు ఉసురు తీసే కలుపు, ప్రపంచం మొత్తమ్మీద చెడ్డ కలుపు మొక్కల పట్టికలో దాన్ని మొదట పెట్టేవాళ్లున్నారు. కానీ ఆ కుటుంబంలో ఐదు వేలకు పైగా జాతులున్నాయి. ఒకడు దొంగైతే ఇంటిపేరున్న వాళ్లందరినీ స్టేషన్‌కి ఈడ్చుకెళ్తామా?

ముందు ఆ దొంగ సంగతే చెప్తాను, ఎందుకంటే ఆ పాఠకురాలి పెరట్లో మొలిచింది అదే అయ్యుంటుంది. తుంగముస్తని చేత్తో లాగితే ఆకు చేతికొస్తుంది, గడ్డ మట్టిలో ఉండిపోతుంది. ఒక గడ్డ నుంచి దారంలాంటి వేరుకాండం సాగి, దాని చివర ఇంకో గడ్డ, అక్కణ్ణుంచి మరోటి, పూసలు గుచ్చినట్టు. పైన లాగిన కొద్దీ కింద నిద్రపోతున్న గడ్డలు లేస్తాయి. చిన్న పెరడైతే మందు అక్కర్లేదు, జానెడు లోతు మట్టి గునపంతో పెళ్లగించి, జల్లెడ పట్టి, గడ్డలు ఏరి ఎండలో పడేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేయాలి. దానికి నీడ పడదు, కాబట్టి పైన ఒత్తుగా పెరిగే మొక్క ఉంటే నీరసపడుతుంది. ఏరిన గడ్డలు ఎండితే మంచి వాసన వస్తుంది, పచారీ కొట్లో తుంగముస్తలని అమ్మేవి అవే, మా అమ్మ సున్నిపిండిలో వేసేది. గడ్డిమందు కొట్టమని అంత తేలిగ్గా రాశారు కానీ, గ్లైఫోసేట్ అనే గడ్డిమందుని పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చిన సంగతి మీ పత్రికలోనే చదివినట్టు గుర్తు. బట్టలుతికే చోట, పసిపిల్లలు తిరిగే చోట అదా సలహా?

ఇక నేను కొన్న ఆ గొడుగు తుంగ. ఇది ఆఫ్రికా, మడగాస్కర్ల వైపు నుంచి వచ్చిన మొక్క, మన ఎండకి బాగా అలవాటు పడింది. నేను మొదట చేసిన తప్పు, నర్సరీ అబ్బాయి చెప్పాడు కదా అని కోకోపీట్, అదే కొబ్బరి పొట్టు, కలిపిన తేలిక మట్టిలో పెట్టడం. నీళ్లు నింపిన టబ్బులో కోకోపీట్ అంతా పైకి తేలి, మొక్క ఒరిగి, వారానికల్లా మురుగు వాసన వేసింది. మళ్లీ అంతా పారబోసి, కాలవ గట్టు నుంచి తెచ్చిన ఒండ్రుమట్టిలో గుప్పెడు బాగా మాగిన వర్మీ కంపోస్ట్ అడుగున వేసి, మొక్కని నాటి, పైన రెండంగుళాలు గులకరాళ్లు పరిచాను. అప్పుడు నిలబడింది. ఈ మొక్కలకి చెరువు అడుగు మట్టిలాంటి బరువు మట్టి కావాలి. మనం కుండీ మొక్కలన్నిటికీ చెప్పుకునే "నీళ్లు నిలవకూడదు" అనే సూత్రం ఇక్కడ తిరగబడుతుంది, అడుగున చిల్లి లేని టబ్బే మంచిది, లేదా చిల్లి ఉన్న కుండీని నీళ్లున్న బేసిన్‌లో పెట్టాలి. ఒక్కసారి పూర్తిగా ఎండనిచ్చామా, గొడుగు చివర్లు గోధుమరంగుకి తిరిగిపోతాయి, మళ్లీ నీళ్లు పోసినా ఆ గొడుగు పచ్చబడదు, దాన్ని మొదలంటా కోసేయడమే. కోస్తే కింద నుంచి కొత్తది వస్తుంది.

దీన్ని ఎక్కువ చేసుకునే పద్ధతి చూస్తే పిల్లలకి భలే సరదా. బాగా ముదరని గొడుగొకటి ఎంచుకుని, తలకింద రెండంగుళాల కాడ ఉంచి కోయాలి. గొడుగు ఆకుల్ని చుట్టూ సగానికి కత్తిరించాలి, అచ్చం తిరునాళ్లలో అమ్మే కాగితం పువ్వులా అవుతుంది. దాన్ని తల్లకిందులుగా, కాడ పైకి ఉండేలా, గాజుసీసాలో నీళ్లలో వదిలేయాలి. తలకిందులుగా అంటే మా మనవరాలు నమ్మలేదు, నన్ను ఏడిపిస్తున్నావా అమ్మమ్మా అంది. పన్నెండో రోజున ఆకులు కలిసే నడిమి చోట తెల్లటి వేళ్లు, ఆ పక్కనే చీపురుపుల్ల మందాన పచ్చటి మొలకలు. ఇంకో పది రోజులాగి మట్టిలో గుచ్చాం. నీళ్లు మూడు రోజులకోసారి మార్చాలి, అది మాత్రం మరిచిపోకూడదు.

నేను నాలుగు రకాలు పెంచాను, రెండు నిలబడ్డాయి, ఒకటి అతి కష్టం మీద దక్కింది, ఒకటి చచ్చింది. నిలబడ్డ వాటిలో రెండోది పొట్టి పాపిరస్ అని అమ్మేది, మోకాలెత్తు, తల మీద గుండుపిన్నుల బంతిలా వస్తుంది. చిన్న టబ్బులకి అదే మేలు. కష్టపెట్టింది అసలు పాపిరస్. ఈజిప్టు వాళ్లు కాగితం చేసింది దీంతోనే, కాడలోని బెండుని పీలికలుగా కోసి, అడ్డంగా నిలువుగా పరిచి, బరువు పెట్టి ఆరబెట్టేవాళ్లు. ఇంగ్లీషులో పేపర్ అనే మాట దీని పేరు నుంచే వచ్చిందంటారు, అంటే మీ పేపరు కూడా ఒక లెక్కన తుంగ వంశమే! ఇది నేల బాగుంటే పదిహేను అడుగులు పోతుంది. నేను తెలియక డాబా మీద పెట్టాను, ఏప్రిల్లో ఒక సాయంత్రం గాలివానకి తొమ్మిది కాడలూ నడుముకి విరిగాయి. కిందకి దించి ప్రహరీ నీడన రెండడుగుల వెడల్పు టబ్బులో పెట్టాక తేరుకుంది. దీనికి తిండి ఎక్కువ కావాలి, వానాకాలం మొదట్లో ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి ఎరువు మట్టి లోపలికి దూర్చి పెడతాను. నీళ్లలో పైపైన వేస్తే నాచు పట్టి టబ్బంతా పచ్చగా అయిపోతుంది. తల్లకిందుల పద్ధతి దీనికి నా చేతిలో కుదరలేదు, గుబురు విడదీసి నాటుకోవడమే.

చచ్చింది కేరెక్స్ అనే ఇంకో రకం తుంగ. బెంగళూరులో అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నర్సరీలో పసుపు చారల ఆకులు చూసి మనసు పారేసుకున్నాను, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. అది చల్లటి చోటి పిల్ల. ఉగాది దాటిందో లేదో చేతులెత్తేసింది. మన గోదావరి ఉక్కకి అది ఆగదు, డబ్బులు తగలేసుకోకండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, దోమలు. నా టెన్షన్ కూడా అదే, ఎందుకంటే మా ఎదురింట్లో అంతకు ముందే డెంగీ వచ్చింది. మా వార్డులో శుక్రవారం శుక్రవారం డ్రై డే అని ఆశా అమ్మాయిలు వచ్చి కుండీలు, టైర్లు, కొబ్బరి చిప్పలు తిరగేసి చూస్తారు. మొదటిసారి నా టబ్బు చూసి ఒకమ్మాయి మొహమాటం లేకుండా "ఇది ఒంపేయండమ్మా" అంది. ఒంపేసే పని లేకుండా ఏం చేశానంటే, నీటిమట్టం ఎప్పుడూ గులకరాళ్ల కిందే ఉండేలా చూశాను. రాళ్ల మీద చేయి పెడితే తడి తగలాలి, నీళ్లు కనపడకూడదు. గుడ్లు పెట్టడానికి దోమకి తెరిపి నీళ్లు దొరకవు, వేరుకి కావలసిన తడి మాత్రం అందుతుంది. టబ్బుకి రాళ్ల కన్నా అంగుళం కిందుగా పక్కన ఒక చిల్లి పెట్టించాను, వాన పడ్డా ఎక్కువైంది దాంట్లోంచి పోతుంది. తెరిపి నీళ్లే కావాలనుకునేవాళ్లు గప్పీ చేపలు నాలుగు వేసుకోవచ్చు. పెద్ద టబ్బులో నేనూ వేశాను, పిల్లి ఎత్తుకుపోగా మిగిలినవి బాగానే ఉన్నాయి.

నీళ్ల గురించి ఇంకో మాట. ఏసీ నీళ్లు దీనికి శుభ్రంగా సరిపోతాయి, వాటిలో ఉప్పుండదు. ఆర్‌ఓ మెషిన్ వదిలే నీళ్లలో ఉప్పు ఎక్కువ, అవే రోజూ పోస్తే మట్టి మీద తెల్లటి పొర కట్టి ఆకుల కొసలు మాడతాయి, నాకు అది అర్థం కావడానికి ఒక ఎండాకాలం పట్టింది. వాషింగ్ మెషిన్‌లో సబ్బు తిరిగిన మొదటి నీళ్లు వద్దు, చివరి జాడింపు నీళ్లు పర్లేదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం ఎండ నేరుగా పడకుండా పాత చీర ఒకటి కడితే చాలు. మిగతా కాలమంతా పూటకి నాలుగు గంటల ఎండ తగిలితే కాడ గట్టిపడుతుంది, పూర్తి నీడలో పెడితే సాగి పడిపోతుంది. పిండినల్లి అప్పుడప్పుడూ గొడుగు నడిమధ్యలో చేరుతుంది, పైపుతో గట్టిగా నీళ్లు కొడితే పోతుంది, పోకపోతే ఆ తల కోసేయడం మందు కన్నా తేలిక.

రెండేళ్లకోసారి గుబురు విడదీయాలి. ఇది చెప్పినంత సుఖం కాదండీ. కిందటి ఆషాఢంలో టబ్బు బోర్లించి ఎంత కొట్టినా మొక్క ఊడి రాలేదు. ప్లాస్టిక్ టబ్బు పగిలే ఉంది ఒక పక్క, వేళ్లు పొట్ట పగలగొట్టుకుని బయటికొచ్చాయి. చివరికి టబ్బు కోసి తీస్తే లోపల మట్టి లేదు, అంతా వేరే, కొబ్బరి పీచు పరుపులా. కత్తిపీటకి లొంగలేదు, పార అంచు జారిపోయింది. మా వారే, అదే పెళ్లిళ్లలో నా మీద జోకులేసే మా వారే, వడ్రంగి రంపం తెచ్చి కేకు కోసినట్టు నాలుగు ముక్కలు కోశారు. నడిమధ్య ముసలి భాగం పారేసి అంచుల్లోని లేత భాగాలు నాటుకోవాలి.

పారేయడం అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. ఆ ముక్కల్ని దయచేసి కాలవల్లోనూ చెరువుల్లోనూ వేయకండి. గొడుగు తుంగ తడి దొరికితే ఎక్కడైనా పాతుకుపోతుంది, కొన్ని దేశాల్లో వాగుల వెంట పడి తలనొప్పిగా మారింది. గుర్రపుడెక్క కూడా ఒకప్పుడు పువ్వు ఎంత బాగుందో అని ముచ్చటపడి తెచ్చుకున్నదే, ఇవాళ డెల్టాలో ఏ డ్రెయిన్‌ చూసినా అదే. ముక్కలు గచ్చు మీద కరకరా ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

నేను కైకలూరు దగ్గరి పల్లెలో పుట్టాను. మా చిన్నప్పుడు కొల్లేటి అంచు అంటే తుంగ, జమ్ము, కిక్కిస, వాటి మధ్య నీటికోళ్లు. తుంగ కోసి, నిలువునా చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లేవాళ్లు. కొత్త చాప మీద పడుకుంటే పొద్దున లేచేసరికి చెంప మీద అచ్చులు పడేవి. ఎండాకాలం మా నాయనమ్మ చాప మీద నీళ్లు చిలకరించి ఆరుబయట పరిచేది, ఆ వాసన నాకు ఇప్పటికీ మా టబ్బు దగ్గర గొడుగు విరిచినప్పుడు లీలగా తగులుతుంది. తర్వాత చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, అదే రామ్‌సర్ జాబితాలో, చేర్చారు, 2006లో గట్లు కొట్టారు. కానీ మధ్యలో పోయిన ఆ తుంగ అంచు మేం ఎరిగినట్టుగా మళ్లీ రాలేదు. వాన నీళ్లు ఊళ్లోకి దూకకుండా, మురికి సరస్సులోకి పోకుండా నిలబెట్టి వడకట్టేది ఆ అంచేనని మా నాన్న అనేవాడు. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018లో తడిమొక్కల తెప్పలు వేసి మురికి పీల్పించారంటే, మా చెల్లెలి కొడుకు ఉండే సియాటిల్‌లో వీధి పక్కన గుంటలు తవ్వి వాన నీరు ఇంకడానికి అక్కడి కేరెక్స్ తుంగల్ని నాటుతారంటే నాకేం వింతగా అనిపించలేదు. మా పెరట్లో కూడా గొడుగు తుంగ నాటాక గచ్చు పక్క చిత్తడి తగ్గింది, ఆ మురుగు కంపు పోయింది. నాలుగడుగుల మట్టి సిమెంటు అయ్యుంటే ఆ నీళ్లన్నీ పక్కింటి గోడ పునాదిలోకి పోయేవి, పక్కింటావిడతో నాకు ఇప్పటికే ఉన్న గొడవలు చాలు.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఆ పాఠకురాలికి వచ్చే ఆదివారమైనా ఇంకో జవాబు ఇవ్వండి. మొలిచినది తుంగముస్త అయితే గడ్డలతో సహా తవ్వి తీయమనండి, ఆ చోటే గొడుగు తుంగ పెట్టుకోమనండి. టబ్బు కూడా అక్కర్లేదు, నేలలోనే పెట్టవచ్చు, కాకపోతే పక్కలకి పాకకుండా చుట్టూ అడుగు లోతున పాత రేకు ముక్క పాతమనండి. ఆవిడకి మొక్క దొరక్కపోతే నా దగ్గర ఈ ఆషాఢానికి నాలుగు గుబుర్లు విడదీయడానికి సిద్ధంగా ఉన్నాయి, నా చిరునామా మీ దగ్గర ఉంది, పంపించండి, ఉచితమే, రంపం మాత్రం ఆవిడే తెచ్చుకోవాలి. మా వారు మొన్న పట్టుకెళ్లి ఎవరికో ఇచ్చి మరిచిపోయారు.

ఫొటో మాత్రం ఈసారి తుంగదే వేయండి. కాడ అడ్డంగా కోసి, మూడు మూలలూ కనపడేలా తీస్తే చాలు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
రాజమహేంద్రవరం